ఎనిమిదో హెన్రీ మేడలో రెండు శతాబ్దాల మఠం

లండన్‌కి ఈశాన్యంగా, ఎసెక్స్ కౌంటీలో, చెల్మ్స్‌ఫర్డ్ పక్కనే బోరమ్ అనే ఊరుంది. అక్కడ న్యూ హాల్ అనే ఎర్ర ఇటుకల మేడ ఇప్పుడు బడిగా నడుస్తోంది. దాని ముఖద్వారం మీద మొదటి ఎలిజబెత్ రాణి రాజచిహ్నం, ఆమెను పొగుడుతూ ఇటాలియన్ భాషలో కొన్ని పంక్తులు చెక్కి ఉన్నాయి. భూమ్మీద ఇంత వివేకం గల రాణి లేదు, ఆకాశంలో ఇంత వెలుగున్న చుక్క లేదు అని వాటి సారాంశం. లోపలికి వెళితే ప్రార్థనాలయం గోడ మీద ఆమె తండ్రి ఎనిమిదో హెన్రీ రాజచిహ్నం కనిపిస్తుంది.

కేథలిక్కుల పెద్ద అయిన పోప్‌తో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండ్‌లో ఉన్న మఠాలన్నిటినీ మూయించింది ఆ తండ్రి. కేథలిక్ గురువులు దేశంలో అడుగుపెట్టడమే రాజద్రోహమని చట్టం చేసి, దొరికినవాళ్ళను ఉరితీసింది ఆ కూతురి ప్రభుత్వం. ఆ ఇద్దరి చిహ్నాలున్న ఇంట్లో 1799 నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా కేథలిక్ సన్యాసినులు ఉన్నారు. ఆ ద్వారం గుండానే లోపలికి వచ్చారు, ఆ గోడ ముందే రోజూ ప్రార్థన చేశారు.

ఇదేదో ఒక్కచోట జరిగిన వింత కాదు. ఇంగ్లండ్‌లో ప్రభువుల మేడలు మఠాలుగా మారడం పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలై ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా సాగింది. అలా మారడానికి చట్టం ఒక కారణం, డబ్బు ఒక కారణం, మేడల ప్లాను మరో కారణం. ఈ మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. పైగా ఇలాంటి భవనాల చరిత్ర చెప్పేటప్పుడు కట్టించిన రాజుల గురించి, ప్రభువుల గురించి పేజీలకు పేజీలు రాసి, సన్యాసినుల కాలాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటించేయడం మామూలు. న్యూ హాల్ హెన్రీ చేతిలో ఉన్నది ముప్పై ఏళ్ళు. సన్యాసినులు ఉన్నది దానికి ఆరేడు రెట్లు. ఆ ఇంటి కథలో వాళ్ళే ముఖ్యులని నా అభిప్రాయం.

ముందు కంట్రీ హౌస్, అంటే పల్లెల్లోని ప్రభువుల మేడ, సంగతి. మన జమీందారుల దివాణాల్లాగే అది ఒక కుటుంబం ఉండే ఇల్లు మాత్రమే కాదు, ఒక పరగణాని నడిపే కేంద్రం. చుట్టూ వందల, ఒక్కోచోట వేల ఎకరాల భూమి, కౌళ్ళు వసూలు చేసే ఏజెంట్ల గదులు, గుర్రపుశాలలు, పాలకొట్టం, బీరు కాచే బట్టీ, ప్రహరీ ఉన్న కూరగాయల తోట, డజన్ల కొద్దీ పనివాళ్ళు. రాజుగారు పరివారంతో దిగినా అన్నం పెట్టగలిగేలా వంటశాల. అంత పెద్ద యంత్రాంగం నడవాలంటే భూమి మీద ఆదాయం ఆగకుండా రావాలి. అది ఆగిన రోజున ఇల్లే గుదిబండ అవుతుంది. ఈ విషయం ముందుముందు పనికొస్తుంది.

మఠాలే ముందు మేడలయ్యాయి

చరిత్ర మొదట ఎదురు దిశలో నడిచింది. 1536 నుంచి 1540 లోపు హెన్రీ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలోని సుమారు 800 మఠాలను మూసి, వాటి భూములు స్వాధీనం చేసుకుంది. వాటిని కొన్నవాళ్ళు చాలామంది మఠాల గోడల్లోనే ఇళ్ళు కట్టుకున్నారు. విల్ట్‌షైర్‌లోని లేకాక్ ఇందుకు మంచి ఉదాహరణ. 1229లో ఏలా అనే కౌంటెస్ స్థాపించిన ఆ కన్యాస్త్రీల మఠం 1539లో మూతపడింది. విలియం షారింగ్టన్ దాన్ని కొని, గుడిని పడగొట్టి, నలుచదరపు వసారాను అలాగే ఉంచి, దాని పైన తన ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇంటి కింది అంతస్తులో నడిస్తే మఠంలో నడిచినట్టే ఉంటుంది. ఫొటోగ్రఫీ తొలినాళ్ళలో, 1835లో, ఫాక్స్ టాల్బట్ తీసిన ప్రసిద్ధమైన చిన్న నెగెటివ్ ఆ ఇంటి కిటికీదే.

మఠాలు పోయాక, సన్యాసం తీసుకోవాలనుకున్న ఇంగ్లీషు ఆడపిల్లలు సముద్రం దాటారు. 1598లో బ్రస్సెల్స్‌లో మొదలుపెట్టి ఫ్లాండర్స్‌లో, ఫ్రాన్స్‌లో, పోర్చుగల్‌లో ఇరవైకి పైగా ఇంగ్లీషు మఠాలు వెలిశాయి. కేథలిక్ కుటుంబాలు కూతుళ్ళను కట్నంతో సహా అక్కడికి పంపేవి. మఠంలో చేరేవాళ్ళూ కట్నం తేవాలి, ఆ డబ్బు వడ్డీ మీదే మఠం బతకాలి. న్యూ హాల్‌కి తర్వాత వచ్చిన సన్యాసినులు, అంటే పవిత్ర సమాధి సభ అనే సన్యాసినుల సంఘం వాళ్ళు, 1642లో ఇప్పటి బెల్జియంలోని లియేజ్ నగరంలో సూసన్ హాలీ అనే ఇంగ్లీషు స్త్రీ నాయకత్వంలో మొదలైనవాళ్ళు. ప్రార్థనతో పాటు పిల్లలకు చదువు చెప్పడం మొదటి నుంచీ వాళ్ళ పని.

1789 తర్వాత ఆ ప్రపంచం కూలిపోయింది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం మఠాలను రద్దు చేసింది, దాని సైన్యాలు పొరుగు దేశాల్లోకి వచ్చాయి, కట్నాల సొమ్ము పోయింది. ఉత్తర ఫ్రాన్స్‌లోని కాంబ్రేలో ఉన్న ఇంగ్లీషు బెనెడిక్టైన్ సభ సిస్టర్లను 1793లో అరెస్టు చేసి కాంపియేన్‌లో ఖైదులో పెట్టారు. అదే చోట కార్మెల్ అనే మరో సభకు చెందిన ఫ్రెంచి సిస్టర్లు కూడా ఖైదీలుగా ఉన్నారు. 1794 జులై 17న ఆ కార్మెల్ సిస్టర్లను పారిస్‌లో గిలటిన్ కింద చంపారు. ఇంగ్లీషు సిస్టర్ల బట్టలు అప్పటికే చిరిగి చీలికలైపోయాయి. చనిపోయిన కార్మెల్ సిస్టర్లు వదిలివెళ్ళిన మామూలు బట్టలే వాళ్ళకు దొరికాయి. 1795లో వాళ్ళు ఇంగ్లండ్ గడ్డ మీద దిగింది ఆ బట్టల్లోనే. వీళ్ళ ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

చట్టం ఏం ఒప్పుకుంది, ఏం ఒప్పుకోలేదు

తిరిగొచ్చినవాళ్ళు కొత్తగా మఠం ఎందుకు కట్టుకోలేదని అడగవచ్చు. డబ్బు లేకపోవడం ఒక కారణం. చట్టం అంతకన్నా పెద్ద కారణం. 1791 నాటి చట్టం కేథలిక్కులు రిజిస్టరు చేసుకున్న చోట పూజ చేసుకోవడానికి అనుమతించింది. కానీ ఆ కట్టడానికి శిఖరం, గంట ఉండకూడదని షరతు పెట్టింది. మఠాలకు మాత్రం చట్టపరమైన గుర్తింపు ఇవ్వలేదు. 1800లో, మఠాలు కొత్తవాళ్ళను చేర్చుకోకుండా ఆపాలని ఒక బిల్లు పార్లమెంటుకు వచ్చింది. దిగువ సభ దాటి ప్రభువుల సభలో ఆగిపోయింది. సన్యాసినులు ఎంత టెన్షన్‌లో ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు. మఠం పేరు మీద ఆస్తికి భరోసా లేదు కాబట్టి, నమ్మకస్తులైన వ్యక్తుల పేర్ల మీద కొనేవారు.

ఈ పరిస్థితుల్లో పాత మేడ అన్ని విధాలా సరిపోయింది. బయటి నుంచి చూస్తే అది ఇల్లే. గంట లేదు, శిఖరం లేదు. గేటు దాటి లోపలికి రావాలంటే చాలా దూరం నడవాలి. చుట్టుపక్కలవాళ్ళకు అక్కడ కొందరు స్త్రీలు బడి నడుపుతున్నారు, అంతే. ఆడపిల్లల బడి మఠానికి ఆదాయమే కాదు, రక్షణ కూడా.

మేడలు ఇచ్చింది ఎవరు? తరతరాలుగా జరిమానాలు కడుతూ పాత మతాన్ని వదలని కేథలిక్ భూస్వామి కుటుంబాలు. కార్న్‌వాల్‌లో లాన్‌హెర్న్ అనే మేడను ఆరండెల్ ప్రభువు 1794లో ఆంట్‌వర్ప్ నుంచి వచ్చిన కార్మెల్ సిస్టర్లకు ఇచ్చాడు. ఎలిజబెత్ కాలంలో గురువులను దాచిపెట్టిన రహస్యపు గది ఆ ఇంట్లో ఉంది. అలాంటి ఇళ్ళలో పూజ ఎప్పుడూ పూర్తిగా ఆగలేదు. సన్యాసినులు వచ్చి దాన్ని దాపరికం నుంచి బయటికి తెచ్చారు.

న్యూ హాల్ అంచెలంచెలుగా

న్యూ హాల్ కథ వేరు. అది ఏ కేథలిక్ కుటుంబపు దానమూ కాదు, కొన్నది.

ఆ స్థలం మధ్యయుగంలో వాల్తమ్ మఠానిది. పదిహేనో శతాబ్దం చివర ఆర్మండ్ ఎర్ల్ థామస్ బట్లర్‌కి దక్కింది, ఆయన తర్వాత మనవడు థామస్ బొలీన్‌కి. హెన్రీ రెండో భార్య ఆన్ బొలీన్ తండ్రి ఆయనే. 1516లో హెన్రీ దీన్ని బొలీన్ దగ్గర కొని, 17,000 పౌన్ల దాకా ఖర్చుపెట్టి ఇటుకలతో రాజభవనంగా మార్చాడు. ఎసెక్స్‌లో మంచి కట్టడపు రాయి దొరకదు, మట్టి మాత్రం ఇటుకలకు బాగుంటుంది, అందుకే ఆ కౌంటీలో గొప్ప ఇళ్ళు చాలావరకు ఎర్రగా ఉంటాయి. బ్యూలీ అని పేరు పెట్టాడు, జనం మాత్రం న్యూ హాల్ అనే పిలిచారు.

ప్లాను నలుచదరం. మధ్యలో పెద్ద ముంగిలి, దాని చుట్టూ నాలుగు వరసలు. దక్షిణం వైపు గేటు, తూర్పున భోజనాల హాలు, పడమట ప్రార్థనాలయం. హెన్రీ పెద్ద కూతురు మేరీ ఇక్కడ ఉండేది. 1533లో ఆమెను ఖాళీ చేయించి ఆన్ బొలీన్ సోదరుడికి ఇల్లు అప్పగించారు. తండ్రి చనిపోయాక మళ్ళీ ఆమెకే వచ్చింది.

ఇప్పుడు మనకు కనిపించే ముఖభాగం 1573 తర్వాతది. ఎలిజబెత్ ఈ ఇంటిని ససెక్స్ ఎర్ల్ థామస్ రాడ్‌క్లిఫ్‌కి ఇచ్చింది. ఆయన ఉత్తరపు వరసను తిరిగి కట్టించాడు. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఏడు గవాక్షాలు, ఒక్కొక్కటీ రెండంతస్తుల ఎత్తు, నిండా గాజు పలకలు. గాజు ఖరీదైన కాలంలో గోడంతా కిటికీ చేయడమంటే హోదా చూపించుకోవడమే. 1579లో రాణి వచ్చి చూసింది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఎలిజబెత్‌ని పొగిడే పంక్తులున్న ద్వారం ఇప్పుడు ఇంటి ముందు భాగంలో ఉంది. కట్టినప్పుడు అది లోపలి ద్వారం. రాణి దక్షిణపు గేటు దాటి, ముంగిలంతా దాటి వచ్చాక గానీ అవి కనిపించేవి కావు. మిగతా మూడు వరసలూ కూల్చేశాక, లోపల ఉన్నది బయటపడింది. వెనక వరస ఇంటి ముఖం అయింది. ఆ పొడవైన ముఖభాగం ఏదో ఒంటరిగా నిలబడ్డట్టు, ముందు ఏదో వెలితిగా అనిపించడానికి కారణం ఇదే.

ఆ కూల్చివేత దాకా ఇల్లు చాలా చేతులు మారింది. బకింగ్‌హమ్ డ్యూక్ 1622లో కొన్నాడు. తోటల పని జాన్ ట్రాడెస్కాంట్‌కి అప్పగించాడు, ఆ కాలంలో ఇంగ్లండ్‌లో అంతటి తోటమాలి మరొకడు లేడు. 1656లో ఇక్కడికి వచ్చిన జాన్ ఈవ్‌లిన్, దాదాపు మైలు పొడవున నాలుగు వరసల్లో ఉన్న లైమ్ చెట్ల బాటను మెచ్చుకుంటూ డైరీలో రాసుకున్నాడు. మధ్యలో పార్లమెంటు దీన్ని నామమాత్రంగా అయిదు షిల్లింగులకు తన సేనాని ఆలివర్ క్రామ్‌వెల్‌కి ఇచ్చింది. తర్వాత జనరల్ మాంక్ వైభవంగా ఉన్నాడు. ఆయన కొడుకుతో వంశం ఆగిపోయాక ఇల్లు పాడుపడింది.

1737లో కొన్న జాన్ ఓల్మియస్‌కి అంత పెద్ద ఇల్లు అక్కర్లేదు. ఉత్తరపు వరస ఉంచుకుని మిగతా చాలా భాగం పడగొట్టించాడు. ఉంచుకున్న వరసలోని పెద్ద హాలుకి అందమైన సున్నపు పనితో పైకప్పు చేయించాడు. పాత ప్రార్థనాలయంలోని పెద్ద రంగుటద్దాల కిటికీని అమ్మేశాడు, అది చేయి మారి 1758లో వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సెయింట్ మార్గరెట్ చర్చికి చేరింది. క్రీస్తు సిలువను చూపే ఆ కిటికీ ఇప్పటికీ అక్కడుంది, లండన్ పార్లమెంటు పక్కకు వెళ్ళేవాళ్ళు తప్పకుండా చూడాలి.

1799లో లియేజ్ సిస్టర్లు చేరింది ఇలా పావుముక్క మిగిలిన ఇంటికి. 1794లో లియేజ్ వదిలిన తర్వాత ఆ మధ్య ఏళ్ళలో ఎవరెవరి ఇళ్ళలోనో తలదాచుకున్నారు. ఓల్మియస్ వంశం 1787లోనే నిలిచిపోయింది. ఫ్యాషన్ పోయిన, పెద్దది కాబట్టి కొనేవాడు దొరకని, సగం కూలిన మేడ. సన్యాసినులకు అలాంటిదే అందుబాటులో ఉంది.

ఇల్లు మఠం ఎలా అవుతుంది

ఓల్మియస్ అలంకరించిన హాలు ప్రార్థనాలయం అయింది. విందుల కోసం కట్టిన హాలుకి ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉంటుంది, శబ్దం బాగా పలుకుతుంది. రోజుకు ఎన్నో సార్లు కీర్తనలు గానం చేసే సమూహానికి అదే కావాలి. హెన్రీ రాజచిహ్నాన్ని వాళ్ళు పీకి పారేయలేదు. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. తమ పూర్వీకులను దేశం నుంచి తరిమినవాడి గుర్తును తమ గుడిలో, తమ కళ్ళెదుట ఉండనిచ్చారు. దాన్ని తీసేసినా ఆ రోజుల్లో అడిగేవాడు లేడు.

మిగతా ప్లాను కూడా కలిసొచ్చింది. మేడల్లో యజమానుల మెట్లు వేరు, పనివాళ్ళ మెట్లు వేరు. ఒకరికొకరు ఎదురుపడకుండా ఇల్లంతా తిరగవచ్చు. మఠంలోనూ మూడు రకాల మనుషులున్నారు: లోపలే ఉండే సన్యాసినులు, బడి పిల్లలు, బయటి నుంచి వచ్చే బంధువులు, వర్తకులు, గురువులు. వీళ్ళ దారులు కలవకూడదు. ప్రభువుల కాలంలో కట్టిన రెండు వరసల దారులు ఇప్పుడు ఆ పనికొచ్చాయి. వంటశాల యాభై, అరవై మందికి వండగలదు. కూరగాయల తోట, పాడి, పొలం ఉన్నాయి. ప్రహరీ, పార్కు ఉన్నాయి, కాబట్టి బయటికి వెళ్ళకూడదన్న నియమం పాటించేవాళ్ళకు నడవడానికి చోటు ఉంది.

మేడల్లో ఉన్న తరతమ భేదం మఠాల్లోనూ ఉండేదని చెప్పకపోతే సగం నిజం చెప్పినట్టే. కట్నం తెచ్చి, లాటిన్ ప్రార్థన గానం చేసే సిస్టర్లు ఒక వర్గం. వంట, బట్టలు, తోటపని చేసే పని సిస్టర్లు మరో వర్గం, ఎక్కువగా పేద ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. కాబట్టి పనివాళ్ళ మెట్లు ఎక్కి దిగేవాళ్ళు మఠం కాలంలోనూ ఉన్నారు. 1962 నుంచి 1965 దాకా జరిగిన కేథలిక్ మతాధికారుల రెండో వాటికన్ మహాసభ తర్వాతే ఆ తేడా పోయింది.

సరిపోనివీ ఉన్నాయి. ప్రభువుల గదులు ఒకదానిలోంచి ఒకదానిలోకి తెరుచుకుంటాయి. సన్యాసినికి ఒంటరిగా ఉండే చిన్న గది కావాలి. పెద్ద గదులను అడ్డగోడలతో విడగొట్టాల్సి వచ్చేది. మఠాల్లో మధ్యలో నాలుగు వైపులా వసారా ఉంటుంది, మౌనంగా నడవడానికి, ఒక పని నుంచి ఇంకో పనికి వెళ్ళడానికి. మేడలో అది ఉండదు. ఇనుప కటకటాలున్న మాట్లాడే గది, వస్తువులు లోపలికి పంపడానికి గోడలో తిరిగే పీపాలాంటి అర, ఇవన్నీ కొత్తగా పెట్టుకోవాలి. చలికాలంలో ఎత్తైన గదులు వేడెక్కవు.

మేడ చాలనప్పుడు

కార్మెల్ సిస్టర్ల బట్టల్లో ఇంగ్లండ్ చేరిన కాంబ్రే బెనెడిక్టైన్లు ముందు లివర్‌పూల్ దగ్గర, 1807 నుంచి సాల్ఫర్డ్ హాల్ అనే పాత మేడలో గడిపి, 1838లో వూస్టర్ దగ్గర స్టాన్‌బ్రూక్ హాల్ చేరారు. అదొక మామూలు ఇల్లు. వీళ్ళు దాని పక్కనే కట్టుకుంటూ పోయారు. అప్పటికి 1829 చట్టంతో కేథలిక్కుల మీద ఆంక్షలు చాలావరకు తొలగాయి, ఆత్మవిశ్వాసం వచ్చింది. 1871లో ఎడ్వర్డ్ వెల్బీ ప్యూజిన్ కట్టిన పెద్ద గోథిక్ చర్చి, ఎత్తైన గోపురంతో సహా నిలబడింది. ఎనభై ఏళ్ళ క్రితం గంట కూడా ఉండకూడదన్న దేశంలో దూరం నుంచే కనబడే గోపురం! ఇంటి పేరు మిగిలింది, ఇల్లు మాత్రం మఠం నీడలోకి వెళ్ళిపోయింది. 1876లో వాళ్ళు పెట్టిన ముద్రణాలయం చేతి అచ్చుపనికి చాలా పేరు తెచ్చుకుంది.

న్యూ హాల్‌ని, స్టాన్‌బ్రూక్‌ని పక్కపక్కన పెడితే రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకచోట ఇంట్లో సర్దుకున్నారు, ఒకచోట ఇంటిని దాటి పెరిగారు. కట్టడంగా స్టాన్‌బ్రూక్ గొప్పది, ఒప్పుకుంటాను. అయినా పాత ఇంటిని నిలబెట్టింది మొదటి పద్ధతే.

రెండో విడత మార్పిడికి కారణం పూర్తిగా డబ్బు. 1870ల నుంచి అమెరికా ధాన్యం వచ్చిపడి భూమి ఆదాయం పడిపోయింది. 1894లో వారసత్వ ఆస్తుల మీద పన్ను గట్టిగా బిగిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా ఇళ్ళు వారసులను పోగొట్టుకున్నాయి, పనివాళ్ళు కూడా దొరకడం మానేశారు. వందల మేడలను ఇటుకల ధరకు అమ్మేశారు. అదే కాలంలో సిస్టర్ల సభలు పెరుగుతున్నాయి, బడులకు చోటు కావాలి. తిండి, బట్ట తప్ప జీతం అడగని మనుషులు ఒక్క ఇంట్లో పదుల సంఖ్యలో ఉంటే పెద్ద మేడని నడపడం సాధ్యమే. ప్రభువు కుటుంబం నడపలేని ఇంటిని మఠం నడపగలగడానికి రహస్యం ఇంతే.

సయాన్ మఠం ప్రయాణంలో ఈ కథంతా ఇమిడి ఉంది. 1415లో అయిదో హెన్రీ స్థాపించిన ఆ బ్రిజిటైన్ సభ మఠాన్ని 1539లో మూసేశారు. ఆ స్థలంలోనే థేమ్స్ ఒడ్డున సయాన్ హౌస్ అనే ప్రభువుల మేడ లేచింది. సన్యాసినులు మాత్రం చెదరకుండా లిస్బన్ చేరి, తమ పాత గేటు రాయి ఒకటి వెంట మోసుకెళ్ళారు. అక్కడికి వచ్చిన, సయాన్ హౌస్ యజమాని అయిన నార్తంబర్లాండ్ డ్యూక్‌కి పాత మఠం తాళంచెవులు ఇంకా తమ దగ్గరే ఉన్నాయని చెబితే, తాళాలు మార్చేశామని ఆయన జవాబిచ్చాడని ఒక కథ చెప్పుకుంటారు. 1861లో ఇంగ్లండ్ తిరిగొచ్చిన వాళ్ళు, 1925లో డెవన్‌లోని మార్లీ హౌస్ అనే కంట్రీ హౌస్‌కి మారారు. మఠం పోగొట్టుకుని మేడకి చేరారు. 1990లో ఆ మేడ కూడా భారమై అదే ఎస్టేటులోని గుర్రపుశాలల్ని బాగు చేయించుకుని ఉన్నారు. 2011లో ఆ సభ ముగిసింది.

ఇప్పుడు మూడో మార్పిడి నడుస్తోంది. సన్యాసం తీసుకునేవాళ్ళు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. స్టాన్‌బ్రూక్ సిస్టర్లు 2009లో యార్క్‌షైర్‌లోని వాస్‌లో తమ సంఖ్యకు తగిన కొత్త మఠం కట్టుకుని వెళ్ళారు. పాత భవనం హోటల్ అయింది. సాల్ఫర్డ్ హాల్ కూడా హోటలే. న్యూ హాల్ సిస్టర్లు 2005లో వెళ్ళిపోయారు. బడిని ట్రస్టుకి అప్పగించి వెళ్ళారు కాబట్టి ఇల్లు ఖాళీ పడలేదు. గ్రేడ్ వన్, అంటే అత్యున్నత స్థాయి, రక్షిత కట్టడంగా హెన్రీ చిహ్నానికి, ససెక్స్ గవాక్షాలకు, ఓల్మియస్ పైకప్పుకి చట్టం కాపలా ఉంది. సన్యాసినులు పెట్టిన అడ్డగోడలు, మాట్లాడే గదుల కటకటాలు, తిరిగే అరలు ఇలాంటి భవనాల్లో తర్వాత చేసిన మార్పుల కింద లెక్కకొస్తాయి. హోటల్ కోసమో, ఫ్లాట్ల కోసమో మరమ్మతు చేసేటప్పుడు ముందు పోయేవి అవే. తీసేయడం తప్పనిసరైనప్పుడు కనీసం కొలతలు తీసి, ఫొటోలు తీసి, ఏ గదిని ఎవరు ఎలా వాడుకున్నారో రాసి పెట్టాలి. ఆ ఇళ్ళలో బతికి, అక్కడే పనిచేసి ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్న సిస్టర్లను అడిగి తెలుసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది, ఎక్కువ లేదు.